వీరభద్రం సారు రేకుపెట్టె

వీరభద్రం ఈ లోకంలో ఎవరి కంప్యూటర్‌నూ నమ్మేవాడు కాదు. ఎక్కడికి వెళ్ళినా మిషన్‌ను లేపే ఫ్లాపీ, మనం రాసిన ప్రోగ్రాంను మిషన్ భాషలోకి మార్చే కంపైలర్ ఫ్లాపీ, చివరికి గోడకు పెట్టే ప్లగ్గు కూడా తన వెంట తెచ్చుకున్నవే వాడాలి. అన్నీ ఒక రేకుపెట్టెలో ఉండేవి. పెట్టెకు రెండు పిడులు. రెండోది ఎప్పుడూ సారంగపాణిదే. హన్మకొండ కంప్యూటర్ సెంటర్‌లో ఇద్దరూ కలిసి పాఠాలు చెప్పేవారు. వీరభద్రం పోయి ఏడాదైంది గానీ, సారంగపాణి కుడి భుజం ఇంకా లాగుతూనే ఉంది.

పెళ్ళికి పిలిచినా పెట్టె రావాల్సిందే.

"పెండ్లిల కంప్యూటర్ ఎక్కడిదన్నా?" అని సారంగపాణి నిట్టూర్చేవాడు.

"ఉంటే?"

ఎనభై ఎనిమిది ఎండాకాలంలో పెట్టెతో ములుగు బస్సెక్కారు. వెంట వాళ్ళ విద్యార్థిని భారతి. ములుగులో ఒక విత్తనాల ఆఫీసుకు కొత్తగా కంప్యూటర్ వచ్చింది. తన ప్రోగ్రాం అక్కడ నడిపి చూపిస్తే ఆమెకు కొలువు. కూలికి పోతే తప్ప పొయ్యి వెలగని ఇంట్లో అదే మొదటి కొలువు.

"పెట్టె పైన ఎయ్యుండ్రి సారూ," అన్నాడు కండక్టర్.

"ఎండకు ఫ్లాపీలు వంగుతయి."

"మరి ఈ సారు మోకాళ్ళు వంగుతలేవా?"

పెట్టె సారంగపాణి ఒడిలో ఉంది. భారతి ఓణీ అంచు నోటికి అడ్డం పెట్టుకుని ములుగు దాకా నవ్వింది.

ఆఫీసులో చెప్పులు బయట విడిచి చల్లగదిలోకి వెళ్ళారు. వీరభద్రం పెట్టె దింపేలోపే భారతి ఆఫీసు కంపైలర్‌తోనే ప్రోగ్రాం ఎక్కించింది. తెర నిండా తప్పులు! హన్మకొండలో ఒక్క తప్పూ లేకుండా నడిచిన ప్రోగ్రాం అది. ఆఫీసర్ కిషన్ రావు కళ్ళద్దాలు తీశాడు.

"పని నేర్వకనే వచ్చినట్టున్నవమ్మా."

భారతి తెర మీది మొదటి తప్పు నుంచి మళ్ళీ చదవసాగింది.

"తప్పు పిల్లది కాదు సార్. మీ కంపైలర్ పాతది. జర మిషన్ బంద్ చెయ్యుండ్రి," అంటూ వీరభద్రం పెట్టె తెరిచాడు.

ఇన్నేళ్ళూ మోసిన సారంగపాణికి అందులోకి తొంగిచూసే ఓపిక ఏనాడూ మిగల్లేదు. ఇప్పుడు చూశాడు. పదకొండు అట్టడబ్బాలు. ఒక్కోదాని మీద ఒక్కో విద్యార్థి పేరు: యాకయ్య, చిలుకమ్మ, భారతి... ఎవరి ప్రోగ్రాం ఏ ఫ్లాపీలతో నడిచిందో వాటి నకళ్ళు వాళ్ళ డబ్బాలో ఉన్నాయి. వీరభద్రం పేరుతో మాత్రం ఒక్క డబ్బా లేదు.

భారతి డబ్బాలోని ఫ్లాపీలు పెట్టగానే మిషన్ లేచింది. ప్రోగ్రాం నడిచింది.

"మిషన్లను నమ్మనని చెప్పి ఇన్నేండ్లు అందరితోని నవ్విచ్చుకున్నవెందుకన్నా?" సారంగపాణి గుసగుసగా అడిగాడు.

"నీకోసమే తెస్తున్న అంటే పిల్ల ముందే బుగులుపడ్తది. సారుకు పిచ్చి అనుకుంటే నవ్వుకుంట వస్తది."

కిషన్ రావు తెర మీంచి చూపు తిప్పలేదు. "ఆ ఫ్లాపీలు ఇక్కడ్నే ఉంచిపోండ్రి సార్. మాకు పనికొస్తయి."

వీరభద్రం డబ్బా మీది పేరు ఆయనకు చూపించి, దాన్ని భారతి చేతిలో పెట్టాడు. "నాయి కావు సార్. ఈమెను అడుగుండ్రి."

కిషన్ రావు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎప్పట్నుంచి తెస్తవమ్మా?"

"సోమవారం నుంచి సార్," అంది భారతి, డబ్బాను గుండెకు హత్తుకుని.