లైట్లు వేసే వరస

నాకు దీపాల పిచ్చి ఉందని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకుందో ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాణ్ణి కాదు. యాభై దాటాక గుడివాడలో మా కోడలి దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. అందంగా రాయడం రాదు. బందరులో వీధి దీపాలు వేసే ఉద్యోగం నాకు రావలసింది, రాలేదు. ఆ సంగతి రాస్తున్నాను.

మాది కోడూరు అవతల చిన్న పల్లె. నా చిన్నతనంలో అక్కడ కరెంటు లేదు. చీకటి పడ్డాక బయటికి వెళ్ళాలంటే లాంతరు పట్టుకోవాలి. లాంతరు చేతిలో ఉంటే మన నీడ మనల్ని వదలదు. కాళ్ళు రెండూ కత్తెరలా ఆడిస్తూ పక్కనే గట్టు మీద నడుస్తుంది. నీడంటే అంతే అనుకునేవాణ్ణి.

ఒకసారి మా నాన్న ఎండుచేపలు అమ్మడానికి బందరు వెళ్తూ నన్నూ బస్సెక్కించాడు. సరుకు అమ్ముడుపోయేసరికి పొద్దు వాలింది. ఖాళీ గంపలు నెత్తిన పెట్టుకుని ఆయన ముందు, నేను వెనక. ఓ సందు మొదట్లో స్తంభానికి ఇనుప చెయ్యి, దాని చివర పళ్ళెం బోర్లించినట్టు రేకు గొడుగు, పైన ఆకుపచ్చ, లోపల తెలుపు, కింద ఒకే ఒక్క బల్బు. దాని దగ్గరికి నడుస్తుంటే నా వెనకున్న నీడ కురచై కురచై కాళ్ళ కిందకొచ్చింది. ఇంకాస్త ముందుకు వెళ్ళేసరికి నన్ను దాటుకుని ముందుకు సాగింది. నా నీడ నన్ను దాటడం అదే మొదలు. వెనక్కి పరిగెత్తి మళ్ళీ వచ్చాను. మళ్ళీ దాటింది.

"ఏంట్రా ఆ కుప్పిగంతులు?" అని అరిచాడు నాన్న.

"నీడ నన్ను దాటిపోద్ది నానా!"

"నీడ పోతే పోయింది. బస్సు పోద్ది, నడు."

బస్సులో కళ్ళు మూసుకుంటే ఆ బల్బులోని తీగ పచ్చటి పురుగులా కదులుతూనే ఉంది. ఊరు వెళ్ళాక లాంతరు మీద మనసు విరిగింది.

కాస్త పెద్దయ్యాక బందరులో ఒక కాఫీ హోటల్లో గ్లాసులు కడగడానికి కుదిరాను. తిండికి లేక వెళ్ళాడని ఊళ్ళో అనుకున్నారు. అదీ నిజమే. కానీ ఇంటి దగ్గర గేదెలు కాసినా తిండి దొరికేది. నేను వెళ్ళింది దీపాల కోసం.

హోటలుకి ఎదురుగా తాలింఖానా ఉండేది. కుస్తీ, దండీలు, బస్కీలు అన్నీ అక్కడే. సాయంత్రం నానబెట్టిన శనగలు గిన్నెలో వేసుకుని వాళ్ళకి ఇచ్చి రావడం నా పని. పొడుగాటి రేకుల షెడ్డు. దూలాలకి పెద్ద పెద్ద గంటల్లా దీపాలు వేలాడేవి. కర్రసాము కర్ర తగిలి పగలకుండా ఒక్కోదానికీ ఇనుప తీగల బుట్ట. మెర్క్యురీ లైట్లు అనేవారు. స్విచ్చి వేయగానే వెలిగే జాతి కాదు. మొదట వంకాయ పువ్వు రంగులో బద్ధకంగా కళ్ళు తెరుస్తాయి. తర్వాత నీలం, ఆ తర్వాత ఎప్పటికో తెలుపు. అంతదాకా ఎవరూ మట్టిలోకి దిగరు. ఇంట్లో సందె దీపం వెలిగితే దండం పెడతాం కదా, అలాగే పెట్టి నిలబడతారు. ఇంట్లో ఆ దండం చిటికెలో అయిపోతుంది. ఇక్కడ దీపం నిండుగా వెలిగేదాకా చేతులు దించరు. హిందువులూ అంతే, సాయిబులూ అంతే. శనగల గిన్నె కింద పెట్టి నేనూ పెట్టేవాణ్ణి.

ఆ వెలుగులో ఎర్ర లంగోటాలు చింతపండు రంగుకి తిరిగేవి. అందరి పెదాలూ నేరేడుపళ్ళు తిన్నట్టుండేవి. వేడెక్కిన రేకు మీద దుమ్ము మాడిన వాసన, పైనుంచి తుమ్మెద రొద. భయమేసేది. అయినా చూడకుండా ఉండలేకపోయేవాణ్ణి.

ఆ దీపాలూ, చుట్టుపక్కల వీధుల దీపాలూ వేసేది ఒక సాయిబుగారు. సైకిలు మీద పొడుగాటి వెదురుకర్ర కట్టుకుని తిరిగేవారు. ప్రతి సందు మొదట్లోనూ స్తంభం మీద ఒక పెట్టె, అందులో మీట. కర్రతో మీట పైకి నెడితే ఆ సందంతా వెలిగేది. ఆయన చివరి మజిలీ తాలింఖానా. నేను మావయ్యా అనేవాణ్ణి, ఆయన అల్లుడూ అనేవారు.

"ఏం అల్లుడూ, శనగలకొచ్చావా, లైట్లకి కాపలాకొచ్చావా?"

"రెండిటికీ మావయ్యా."

"మీ అత్త నన్ను ఒక్కరోజు అలా కళ్ళప్పగించి చూసుంటే నేనెప్పుడో బాగుపడేవాణ్ణి కదరా!"

నాకు మీసాలు మొలిచేనాటికి ఆయన మోకాళ్ళు పట్టేశాయి. నేను సైకిలు తొక్కితే ఆయన వెనక కూర్చునేవారు. కొన్నాళ్ళకి ఆయన తాలింఖానా అరుగు మీదే కూర్చుని నన్నొక్కణ్ణే పంపేవారు. దానికో వరస ఉంది. ఇరుకు సందుల్లోకి చీకటి ముందొస్తుంది, అవి ముందు వేయాలి. వెడల్పు రోడ్లకి ఇంకా ఆకాశంలో వెలుగుంటుంది, అవి తర్వాత. చేపల సందు, కుమ్మరి సందు, మసీదు పక్క వీధి, ఇలా మొదలై మిల్లు రోడ్డుతో అయ్యేది. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి.

ఆయన పని మానే రోజు దగ్గరపడింది. నా గురించి ఆఫీసులో చెప్పారు. చదవడం వస్తే చూద్దామన్నారట అక్కడ.

"లైట్లు వేసే ముందు రోజూ కాసేపు నా దగ్గర కూర్చోరా. అక్షరాలు చెప్తాను" అన్నారు మావయ్య.

"పలక పట్టుకుని చిన్నపిల్లాడిలా కూర్చోమంటావా? మీసాలొచ్చాయి నాకు."

"మీసాలు చదవ్వురా."

"మీట నెట్టడానికి చదువెందుకు మావయ్యా? స్తంభాలేమన్నా ప్రశ్నలడుగుతాయా?"

ఆయన వెదురుకర్ర తీసి నా చేతికిచ్చారు. నేను గెలిచాననుకున్నాను.

ఆఫీసులో నన్ను పిలిచిన అధికారి నెమ్మదైన మనిషి. గోడ మీద పెద్ద బోర్డు చూపించి, "అందులో వీధుల పేర్లున్నాయి. పైనుంచి చదువు బాబూ" అన్నాడు. నాకు ఒక్క అక్షరం తెలియదు. కానీ లైట్ల ఆఫీసులో వీధుల బోర్డంటే లైట్లు వేసే వరస కాక ఇంకేం రాస్తారనుకున్నాను. బోర్డు మీద కళ్ళు పైనుంచి కిందికి దింపుకుంటూ చేపల సందు, కుమ్మరి సందు, మసీదు పక్క వీధి అని ధైర్యంగా చదివేశాను. తడబడలేదు. మధ్యలో ఒకచోట కళ్ళు చికిలించాను కూడా, అక్షరం సరిగ్గా ఆననట్టు.

మూల కూర్చున్న గుమాస్తా కిసుక్కుమన్నాడు.

"అది వార్డుల ప్రకారం రాసింది బాబూ" అన్నాడు అధికారి. "అందులో మొదటి పేరు మిల్లు రోడ్డు."

ఆయన నవ్వలేదు. వీధుల పేర్లు ఇంత బాగా తెలిసినవాడు దొరకడు, కానీ ఫలానా ఇంటి ముందు దీపం వెలగడం లేదని జనం కాగితం రాసిస్తే ఏం చేస్తావని అడిగాడు. ఉద్యోగం పెడన నుంచి వచ్చిన ఒక నేత ఇంటి కుర్రాడికి ఇచ్చారు. పది పాసయ్యాడు. సరిగ్గానే ఇచ్చారు.

తర్వాత గుడివాడలో బియ్యం మిల్లులో బస్తాలు మోస్తూ బతుకు వెళ్ళిపోయింది. చదువు వచ్చాక స్తంభాల మీద నంబర్లు, ఫ్యూజు పెట్టెల మీద రాతలు, అన్నీ ఆగి ఆగి చదివేవాణ్ణి. మా కోడలు విసుక్కునేది, "మావయ్యా, కూరగాయల సంచీ నా చేతిలో ఉంది, స్తంభం ఎక్కడికీ పోదు" అని. ఈ మధ్య బందరు వెళ్ళాను. తాలింఖానా ఉంది. దూలాలకి అట్టపెట్టె మూతల్లాంటి కొత్త లైట్లు బిగించారు. టక్కున వెలుగుతాయి. ఎవరూ దండం పెట్టలేదు, పెట్టేంత వ్యవధే లేదు. వీధుల్లో పొద్దు ఎక్కినా లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, ఆర్పే మనిషి ఎవరో కూడా తెలియదు. మావయ్య పోయి చాలా ఏళ్ళయింది. అది నాకు ఎవరో బస్సులో చెప్పారు.

ఒక సంగతి చెప్పలేదు. ఉద్యోగం ఇచ్చిన రోజు సాయంత్రమే ఆ పెడన కుర్రాడు హోటలు దగ్గరికి వచ్చి నన్ను వెతుక్కున్నాడు.

"అన్నా, నాకు ఈ ఊరు తెలియదు. ఈ ఒక్కరోజుకి తోడు రావా?"

రానని చెప్పొచ్చు. చెప్పలేకపోయాను. అతను తొక్కాడు, నేను వెనక కూర్చున్నాను. ఇరుకు సందులు ముందెందుకో చెప్పాను. ఒక్కసారికే పట్టుకున్నాడు. మసీదు దగ్గరికొచ్చేసరికి, ఆఫీసు బోర్డు చూసి రాసుకున్న కాగితం జేబులోంచి తీసి, "ఇక మలుపు తిరిగితే పాల కేంద్రం వీధే కదన్నా?" అని తనే అడిగాడు. మంచి కుర్రాడు. చెడ్డవాడైనా బాగుండేది, తిట్టుకునేవాణ్ణి.

చివరికి తాలింఖానాకి వచ్చాం. కుస్తీ వాళ్ళు అప్పటికే చేతులు జోడించుకుని నిలబడ్డారు. అలవాటుగా నా చెయ్యి మీట మీదికి వెళ్ళింది. అప్పటికే అతని చెయ్యి అక్కడుంది.

"రేపట్నించి నేను చూసుకుంటాలే అన్నా. నీకెందుకు శ్రమ?" అన్నాడు.

నిజంగా నా శ్రమ తగ్గించాలనే అన్నాడు. మీట నెట్టాడు. పైన దీపాలు వంకాయ పువ్వు రంగులో కళ్ళు తెరిచాయి.

మావయ్య అరుగు మీదనుంచి పిలిచారు. "అల్లుడూ, ఉద్యోగం ఇది కాకపోతే ఇంకోటొస్తుంది. రేపు పొద్దున ఇంటికి రా. మీ అత్త టీ పెడుతుంది, నేను ఓనమాలు పెడతాను."

"ఇవ్వాళే గుడివాడ వెళ్తున్నాను మావయ్యా. బస్సుకి వేళయింది."

"ఉండరా, లైట్లన్నా పూర్తిగా రానీ."

"బస్సు పోద్ది" అన్నాను.

బస్సుకి ఇంకా చాలాసేపు ఉంది. షెడ్డులో దీపాలు ఇంకా నీలం రంగులోనే ఉన్నాయి. నేను వెనక్కి చూడకుండా రోడ్డు దాటాను.