బక్క పెట్టెలకు వాము పువ్వు

తెలంగాణ వచ్చిన రెండో ఏడు, చలి తగ్గుతున్న రోజులల్ల నన్ను మక్తల్‌కు ఉద్యాన అధికారిగా వేసిండ్రు. పండ్లతోటలు నాకు తెలుసు; తేనెటీగల గురించి పుస్తకంల చదివిందే. చేరిన నెలకే ఎల్లమ్మ ఫోన్ చేసింది. గొర్ల మందను అమ్మి పది తేనెపెట్టెలు పెట్టుకున్న మనిషి. "ఈగలు రెక్కలు ముడుచుకపోయి నేల మీద పాకుతున్నయి సారూ" అన్నది.

పోయి చూసిన. కొన్ని ఈగలను జాలిమూత సీసాల వేసి, మెత్తటి చక్కెరపొడి చల్లి ఊపితే ఎర్రటి నలుసులు రాలినయి. వర్రోవా నల్లి. పిల్ల ఈగలున్న గదులల్ల దూరి వాటిని పీల్చి బతుకుతది. రసాయనం వాడితే మైనంల, తేనెల నిలుస్తదని వామునూనె నుంచి తీసే వాము పువ్వు ఇచ్చిన. ఉప్పు పలుకుల్లాంటి ఆ మందును కాగితం మీద పెట్టి, పెట్టెల తేనెపట్టు కట్టే చట్రాల పైన ఉంచితే, ఆవిరికి నల్లి రాలుతది. పెట్టెకు ఒక్క చిటికెడు అని చెప్పి, తొందరల ఇంకో మాట అన్న: "గొర్లకు మందు పోసినట్టే అనుకో."

ఆ మాటే కొంప ముంచింది. మూడో రోజు మధ్యాహ్నం మళ్ల ఫోన్. మూడు పెట్టెల ఈగలు బయటికొచ్చి గుత్తులు కట్టినయట. రాణి ఈగ లేచిందంటే పెట్టె ఖాళీ. బండి మీద పోతున్నంత సేపు ఒకటే గుబులు. గొర్లు ఎట్లాగూ లేవు, ఈగలు కూడ పోతే ఆమె ఏం చేసుకొని బతకాలె?

మూత తీస్తే ఘాటు గుప్పుమన్నది. మూడూ ఈగలు తక్కువున్న పెట్టెలే, వాటిలోనే రెండింతల మందు. ఎందుకేసినవని గద్దించిన.

"బక్క గొర్రెకు ఇంకో గుక్క ఎక్కువ పోస్తం గద సారూ. మీరే గొర్ల లెక్క అన్నరు" అన్నది నెమ్మదిగ.

ఈగలు తక్కువుంటే ఆవిరిని విసిరి బయటికి తోసే రెక్కలు కూడ తక్కువే. అక్కడ మందు తగ్గించాలె. ఆ సంగతి నేను చెప్పలేదు.

మందు తీసేసి, గాలి ఆడనీకి మూత కింద పుల్ల పెట్టి, తడి గోనెలు కప్పినం. పొద్దుగూకే సరికి ఈగలు లోపలికి పోయినయి. కాని రాణి ఉన్నదో లేదో అప్పుడే కదిలించి చూడరాదు. ఐదో రోజు చట్రాలు ఎత్తితే రెండు పెట్టెలల్ల కొత్త గుడ్లున్నయి, అంటే రాణి బతికున్నట్టే. మూడోదాంట్ల గుడ్డూ లేదు, రాణీ లేదు. మిగతా ఏడింటిల నల్లి తగ్గింది.

ఎల్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. నేను మాత్రం రిపోర్టుల 'రైతు మోతాదు మించి వాడినందున ఒక పెట్టె పోయింది' అని రాసి సంతకం పెట్టిన. ఆ తర్వాత కొలువు ముగిసేదాక, ఏ రైతుకు మందు ఇచ్చినా ఎట్ల వాడుతవో నువ్వే చెప్పు అని అడిగి, విన్నంకనే లేచిన. ఆ రిపోర్టును దిద్దలేదు.