తడి పలక మోగదు

మా కాలేజీలో మెకానికల్ మూడో ఏడాది వాళ్లు వేసవిలో రెండు నెలలు ఏదైనా కంపెనీలో శిక్షణ తీసుకోవాలి. నాకు గుంటూరు శివార్లలో, రాళ్లు కోసే యంత్రాలు తయారుచేసే ఇంజినీరింగ్ కంపెనీ దొరికింది. నన్ను వేసిన చోటు క్వాలిటీ, సేఫ్టీ, సస్టైనబిలిటీ విభాగం. పేరు చాంతాడంత ఉంది గానీ, విభాగం మొత్తం మా మేనేజరు, ఒక ప్రింటరు, నేను. మూడు వారాలు ఫారాల మీద టిక్కులు పెట్టడంతో గడిచిపోయాయి. నాలుగో వారం ఆయన నన్ను మార్కాపురం వెళ్లమన్నారు. అక్కడ ఒక రాతి పలకల యూనిట్‌కు మా కంపెనీ కొత్త రంపం యంత్రం అమ్మింది. రంపం తిరుగుతున్నంతసేపూ దాని మీద నీళ్లు పడుతూ దుమ్ము లేవకుండా చేస్తాయి. నీళ్లు వాడుతున్నారో లేదో చూసి రాసుకురావడం నా పని. వాడటం లేదని రాస్తే, అక్కడ పలకలు కొనే విదేశీ సంస్థ ఆర్డరు ఆపేస్తుందట. "అయినా సరే, చూసిందే రాయి" అన్నారాయన.

కంపెనీ కారు ఆ రోజు ఖాళీ లేదు. ఉదయం ఐదు దాటాక గుంటూరులో నంద్యాల వైపు వెళ్లే రైలెక్కాను. టికెట్ వంద రూపాయలు కూడా కాలేదు. నరసరావుపేట దాకా నిలబడి, ఆ తర్వాత కిటికీ పక్కన సీటు సంపాదించాను. వినుకొండ దాటాక నేల రంగు మారిపోయింది. దున్ని వదిలేసిన చేలు, వాటిలో అక్కడక్కడా గొర్రెల మందలు, అంతే. దొనకొండ మీదుగా మార్కాపురం రోడ్ స్టేషన్ చేరేసరికి ఎనిమిదిన్నర. ఊరు స్టేషన్‌కు కాస్త దూరం, షేర్ ఆటోకు ముప్పై రూపాయలిచ్చాను. బస్టాండు దగ్గర ఒక బండి మీద బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. కళ్లు తుడుచుకుంటుంటే బండావిడ నవ్వింది. "గుంటూరు నుంచి వచ్చినానంటివే, మా బజ్జీకే ఏడుస్తుండావేంది?" పరువు కోసం ఇంకొకటి తిన్నాను. అదీ ఏడుస్తూనే.

అక్కణ్ణుంచి యూనిట్‌కు మరో ఆటో. ఊరు దాటగానే రోడ్డుకు రెండువైపులా పలకల ముక్కల గుట్టలు మొదలయ్యాయి. "ఇదంతా ఏంటన్నా?" అని అడిగితే, "పగిలిపోయిన రాయి. పడేసే జాగా లేక యాడబడితే ఆడ పోసినారు" అన్నాడు డ్రైవరు. దిగేసరికి పది కూడా కాలేదు. కారులో పదకొండుకు వస్తారని యజమానికి ముందే కబురు ఉందని తర్వాత తెలిసింది. రేకుల షెడ్డులో రంపం తిరుగుతోంది. నీళ్ల వాల్వు కట్టేసి ఉంది. దుమ్ములో మనుషులు మసగ్గా కనిపిస్తున్నారు. మాస్కులు అందరికీ ఉన్నాయి, మెడల్లో. యజమాని పరుగున వచ్చి రంపం ఆపించాడు.

"వాల్వు ఎవరు కట్టేశారు?" అని అడిగాను. అందరూ యంత్రం వైపు చూశారు, అదేమైనా చెబుతుందేమోనన్నట్టు.

"నేనే" అంది ఒకామె. పేరు చెన్నమ్మ, యాభై ఏళ్లుంటాయి. కోసిన పలకల్లో పగుళ్లున్నవి ఏరి పక్కన పెట్టడం ఆమె పని. పద్ధతి చేసి చూపించింది. పొడి పలకను ఒక అంచు పట్టుకుని వేలాడదీసి, వేలి మెటికతో తట్టింది. ఖంగుమంది. ఇంకోటి తట్టింది. మొద్దుగా పలికింది. "లోపల పగులుండాది" అంది. నాకు ఏమీ కనిపించలేదు. అలాంటిది పెట్టె అడుగున పడితే ఊరు దాటకముందే రెండు ముక్కలవుతుందట. తర్వాత వాల్వు తిప్పించి, ఒక పలక కోయించి, తడిదాన్నే తట్టింది. అదీ మొద్దుగానే పలికింది.

"తడి పలక మోగదు పాపా. మంచిదేదో, పగిలిందేదో నాకెట్ల తెల్సాది? పగిలింది పోయిందంటే ముందు నన్నే అడుగుతారు."

"దుమ్ము పీలిస్తే ఏమవుతుందో తెలుసా పెద్దమ్మా?" శిక్షణలో నేర్పిన ప్రశ్నే, అలవాటుగా అడిగేశాను.

"తెల్సు. మా ఇంటాయన పాత రంపం కాడ చేసినాడు, దానికి గూడా నీళ్లు కట్టేసే కోసేవాళ్లు. ఇప్పుడు మంచం మీంచి వాకిట్లోకి రావాలన్నా నడమ రెండుసార్లు కూచుంటాడు."

అడిగినందుకు సిగ్గేసింది. ఆమె చేతిలోని తడి పలక చూశాక ఇంకో ప్రశ్న తోచింది. "ఆరితే మోగుతుందా?"

"ఎందుకు మోగదు? ఎండలో గంట నిలబెడితే చాలు. నిలబెట్టే జాగా యాడుండాది?" అని బయటికి చూపించింది. షెడ్డు ముందు ఖాళీ స్థలమంతా పగిలిన రాయి, తలుపు దాకా. యజమాని గొంతు సవరించుకున్నాడు. "ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదే?" అన్నాడు. "నీళ్లు కట్టేయొద్దని అంటివే గానీ, ఎందుకు కడుతుండావని ఎప్పుడన్నా అడిగినావా నాయనా?" అందామె, కోపం లేకుండానే.

తడి పలకను గుట్ట మీదే ఎండకు నిలబెట్టాం. అది ఆరేలోగా చెన్నమ్మ తన జొన్నరొట్టెలో సగం, వేరుశనగ పొడి నాకు పెట్టింది. తిని, చేయి కడుక్కుని, పలక తీసి తట్టింది. ఖంగుమంది. ఇంకోసారి తట్టింది. అప్పటిదాకా మామూలుగా ఉన్న మనిషి పలక ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది.

"ఏడేండ్ల కింద ఎవరన్నా వచ్చి ఇట్ల అడిగుంటే, మా ఆయన ఈ పొద్దు నా పక్కన కూచోని రొట్టె తినుండేవాడు గదమ్మా."

సాయంత్రం రైల్లో ఫారం నింపాను. నీళ్ల దగ్గర 'కట్టేశారు' అని రాశాను. కారణం రాయడానికి గడి లేదు, అందుకని వెనకవైపు ఒక పేజీ రాశాను. ముందువైపు చదివిన విదేశీ సంస్థ వాళ్లు ఆర్డరు ఆపారు. వెనకవైపు చదివిన మా మేనేజరు మార్కాపురం వెళ్లి, గుట్ట ఎత్తించి, పలకలు ఆరబెట్టే స్టాండ్లు పెట్టించి, ఆర్డరు మళ్లీ మొదలయ్యేసరికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ చెన్నమ్మకు పని లేదు. నిజమే రాశానని నాకు తెలుసు, అయినా ఆ రోజులు గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఇప్పుడు వాల్వు తెరిచే ఉంటోందట. నా శిక్షణకు మంచి గ్రేడు వచ్చింది. అది ఎవరి పుణ్యమో కాలేజీకి తెలియదు.

మీలో ఎవరైనా పలకల యూనిట్లు చూడటానికి వెళితే ఒక్క జాగ్రత్త. అక్కడివాళ్లు మర్యాద కొద్దీ రంపం బాగా కనిపించే చోటే కుర్చీ వేస్తారు. కూర్చోకండి. గాలి వచ్చే వైపు నిలబడి, ముక్కుకూ నోటికీ మంచి మాస్కు పెట్టుకోండి. ఈ దుమ్ముకు వాసన ఉండదు. దగ్గు కూడా ఆ రోజే రాదు.