అమ్మ విని కొన్న కంప్యూటర్

మొన్న ఇంట్లో కొత్త మైక్రోవేవ్ డబ్బా విప్పుతుంటే, తెల్లటి థర్మోకోల్ ముక్కలు కిర్రుకిర్రుమంటూ బయటికొచ్చాయి, వాటి వెనకాలే ఆ వాసన కూడా వచ్చింది. కొత్త ప్లాస్టిక్కు, చల్లటి రేకు, కాస్త జిగురు, ఎక్కడో గోదాములో నెలల తరబడి మూసి ఉంచిన గాలి, అన్నీ కలిసిన వాసన. మా ఆయన వారంటీ కాగితం చదువుతున్నాడు. నేను డబ్బాలో తల దూర్చి అలాగే ఉండిపోయాను. పార్సిప్పనీ అనే ఊళ్ళో అప్పటి మా రెండో అంతస్తు అపార్ట్‌మెంట్, కిటికీ అవతల ఎర్రబడి రాలుతున్న మేపుల్ ఆకులు, డైనింగ్ టేబుల్ మీద పరిచిన పాత బొంత, ఆ బొంత మీద వెండిరంగు సంచుల్లో ముక్కలు ముక్కలుగా పడుకుని ఇంకా ప్రాణం పోసుకోని కంప్యూటర్, వంటింట్లోంచి ఇంగువ పోపు, ఇవన్నీ ఆ డబ్బా అడుగున భద్రంగా ఉన్నాయి. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఇప్పటి వయసు ఎవరైనా అడిగితే మైక్రోవేవ్ వయసు చెబుతున్నాను.

మా కాంప్లెక్స్ నిండా సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్లే. శనివారం పొద్దున ఏ మెట్లెక్కినా ఒక ఇంట్లోంచి ఇడ్లీ ఆవిరి, ఒక ఇంట్లోంచి పెసరట్టు అల్లం, మరో ఇంట్లోంచి కొత్తగా దిగిన బ్రహ్మచారులు మాడగొట్టిన ఉప్మా వాసన తగిలేది. ఎండాకాలం పార్కింగ్ లాట్‌లో టెన్నిస్ బంతితో క్రికెట్, చలికాలం ఎవరింట్లోనో కార్పెట్ మీద క్యారమ్స్, వాన పడితే లాండ్రీ రూమ్‌లో దాగుడుమూతలు. డ్రయ్యర్‌లో దాక్కున్న ఒక పిల్లవాడు ఒక సైజు తగ్గి బయటికొచ్చాడని నేను చెప్పిన కబురు చిన్నపిల్లలు చాలాకాలం నమ్మారు. ఆటలన్నిటికీ ఒకటే చిక్కు, జట్టు నిలిచేది కాదు. "ప్రాజెక్ట్ అయిపోయింది" అని ఏదో ఒక అంకుల్ అనేవాడు, కొద్ది రోజుల్లో వాళ్ళ సోఫా పక్కింట్లో ఉండేది, మా వికెట్ కీపర్ టెక్సస్‌లో ఉండేవాడు.

ఈ దెబ్బ అందరికన్నా గట్టిగా తగిలింది మా అమ్మకి. రాజమండ్రిలో అమ్మ సంగీతం టీచరు. ఇక్కడికి నాన్న వీసా మీద వచ్చింది కాబట్టి ఉద్యోగం చేయడానికి లేదు. అందుకని చుట్టుపక్కల పిల్లల్ని దుప్పటి మీద కూర్చోబెట్టుకుని ఊరికే పాఠం చెప్పేది. ఎవరైనా మొహమాటపడితే ఓ కొత్తిమీర కట్ట పుచ్చుకునేది. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు అన్నీ దాటించి, ఇక అసలు సంగీతం మొదలవుతుందనగా, వర్ణం ఎత్తుకున్న నాలుగు రోజులకే ఆ పిల్ల వాళ్ళ నాన్నకి ప్రాజెక్ట్ అయిపోయేది. మీ మేనేజర్‌ని వదిలించుకోవాలంటే అమ్మాయికి వర్ణం మొదలుపెట్టించండి అని మా నాన్న స్నేహితులకి చెప్పి నవ్వేవాడు. అమ్మ నవ్వేది కాదు. నాకు నేర్పొచ్చుగా అంటారేమో. నా గొంతు విన్నాక నన్ను శ్రుతిపెట్టె ఆన్ చేసే పనిలో పెట్టింది.

వర్ణం మొదటి సగం పూర్తిగా దాటిన మొట్టమొదటి పిల్ల సింధు. ఎదురు బిల్డింగ్ శ్రీనివాస్ అంకుల్ కూతురు, నా ఈడుదే. అంకుల్‌ది కరీంనగర్. సెప్టెంబరులో ఒక ఆదివారం మిర్చి బజ్జీ కొరుకుతూ మా వంటింటి గుమ్మంలో నిలబడి, ఆ మాట ఎలా చెప్పాలో తెలియనట్టు చెప్పాడు.

"వదినా, మాకు బాతెల్ పడ్డది. వచ్చే నెల పోతున్నం."

అమ్మ చేతిలో చిల్లుల గరిటె నూనె మీద అలాగే ఆగిపోయింది. బాతెల్ అంటే దేశానికి ఆ పడమటి కొస. అది ఎక్కడో, జీతం పెరిగిందో లేదో అమ్మ ఏమీ అడగలేదు. "మరి వర్ణం?" అంది. తర్వాత మాకు వీపు పెట్టి బజ్జీలు తిప్పుతూ, "ఇంక నేను ఎవరికీ చెప్పనండి బాబూ. పునాదులు తవ్వడమే కానీ గోడ లేచింది చూడనా?" అంది. అమ్మ కోపంగా అన్న మాటలు మర్నాటికి కరిగిపోతాయి. ఇది నెమ్మదిగా అంది. అందుకే నాకు భయమేసింది.

ఇంటర్నెట్‌లో చెప్పొచ్చుగా అన్నది నాన్నే. ఫోన్లో అయితే గమకం గొంతు నులిమినట్టు వస్తుందని అమ్మ ముందే కొట్టిపారేసింది. కానీ మా ఇంట్లో ఉన్న కంప్యూటర్, నాన్న ఆఫీసులో అక్కర్లేదంటే మోసుకొచ్చింది, దాన్ని ఆన్ చేస్తే కింది ఇంటావిడ మంచు తీసే బండి వచ్చిందనుకుని కారు పక్కకి తీయడానికి కోటు వేసుకునేది. మైకు పెట్టి అమ్మ నాలుగు స్వరాలు పాడి, తిరిగి వినిపిస్తే కాసేపు చెవి ఒగ్గి, "నా వెనక ఎవరే ఏడుస్తున్నారు?" అంది. అది ఫ్యాన్ల రొద. దీనితో నేర్పితే ఆ పిల్ల పాటతో పాటు రొద కూడా నేర్చుకుంటుందని తేల్చేసింది. చప్పుడు చేయని కంప్యూటర్ కావాలంటే విడిభాగాలు కొని మనమే బిగించుకోవాలని లైబ్రరీ పత్రికల్లో చదివిన పరిజ్ఞానంతో నేను ప్రకటించాను. నాన్న తెల్లబోయాడు. కాలేజీ రోజుల నుంచీ కంప్యూటర్లే అన్నం పెడుతున్నాయి గానీ ఆయన ఒక్కదాని మూత కూడా తీసి చూడలేదు.

ఆ వారం పాట్‌లక్, అంటే తలా ఒక వంట తెచ్చే విందు, మా ఇంట్లోనే. అల్యూమినియం ట్రేల నిండా పులిహోర, గుత్తివంకాయ, ఎడిసన్‌లో మన మిఠాయి షాపు నుంచి తెచ్చిన గులాబ్ జామ్, పేపర్ ప్లేట్లు వంగిపోతుంటే అరచేత్తో అడుగు పట్టుకుని నిలబడి వాదించుకునే అంకుల్స్. ప్రాసెసర్ గట్టిది ఉండాలని ఒకాయన, డబ్బు పెడితే మెమరీ మీద పెట్టాలని ఇంకొకాయన, వాళ్ళిద్దరికీ ఏమీ తెలియదని మూడో ఆయన.

"వీడియో కార్డ్ మాత్రం మంచిది తీసుకోండి" అన్నాడొకాయన.

"పాటకి వీడియో కార్డ్ ఏందన్నా? పాట కండ్లతోని వింటవా?" అన్నాడు శ్రీనివాస్ అంకుల్.

"రేపు పిల్ల గేమ్స్ ఆడుకోవద్దూ?"

ఆ మాట అన్న అంకుల్ ప్లేట్లో నేను ఎవరూ అడక్కుండానే రెండు జామ్‌లు వేశాను. రెండు ఫ్యాన్లున్న ఒక కార్డు మీద అప్పటికే నా కన్నుంది. అప్పుడు అమ్మ పెరుగన్నం గిన్నె పట్టుకుని మధ్యలోకి వచ్చి, "అదంతా సరేనండీ, ఏది ఎంత చప్పుడు చేస్తుందో చెప్పండి" అంది. అంకుల్స్‌కి వేగం తెలుసు, మెమరీ తెలుసు, ఏది ఏ రోజు ఏ షాపులో సేల్‌లో ఉంటుందో తెలుసు, చప్పుడు సంగతి మాత్రం ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

మా అమ్మ ఓక్ ట్రీ రోడ్డులో బెండకాయ కొన విరవకుండా కొన్న మనిషి కాదు. రూట్ ఫార్టీసిక్స్ హైవే పక్కన విడిభాగాల షాపుకి కూడా అలాగే వచ్చింది, హ్యాండ్‌బ్యాగ్‌లో శ్రుతిపెట్టెతో. కేబినెట్లన్నిటినీ కుండలు కొన్నట్టు వేలి కణుపుతో కొట్టి చూసి, పల్చటి రేకువి పక్కన పెట్టించింది. తర్వాత కౌంటర్ మీద శ్రుతిపెట్టె పెట్టి ఐదున్నర శ్రుతి పలికించి, ఫ్యాన్లు ఒక్కొక్కటే తిప్పి వినిపించమని నా చేత అడిగించింది. కౌంటర్ వెనకున్న పిలక జుట్టు కుర్రాడు "ష్యూర్, మ్యామ్" అన్నాడు గానీ, అంతకు ముందు అతన్ని ఎవరూ అలాంటిది అడిగి ఉండరు. నాన్న ప్రింటర్ల వైపు వెళ్ళి, మేమెవరో తెలియనట్టు కాగితం రకాలు పరిశీలించాడు.

"ఇది నిషాదం మీద ఊగుతోంది, స్థిరం లేదు. ఇది గొణుగుతోంది. ఇది ముక్కుతో పాడుతోంది" అంటూ ఆ కౌంటర్ దగ్గర అమ్మ ఫ్యాన్లకి పరీక్ష పెట్టింది. నా కార్డు వంతు వచ్చింది. దాన్ని తిప్పగానే శ్రుతిపెట్టె వినపడలేదు. అమ్మ నా వైపు ఒక్క చూపు చూసింది, నేనే దాన్ని తీసుకెళ్ళి అరలో పెట్టి వచ్చాను. చివరికి ఒక పెద్ద నల్లటి ఫ్యాను నెమ్మదిగా తిరిగితే, దాని చప్పుడు సరిగ్గా అమ్మ శ్రుతికి పంచమం మీద నిలిచింది. నమ్మితే నమ్మండి, ఆ పిలక కుర్రాడు కూడా తల ఊపాడు. "దీన్ని తీసుకోండి. ఒకవేళ వినిపించినా తంబురా అనుకుంటారు" అంది అమ్మ. ఆ ఫ్యానుకి సరిపడేలా నిదానమైన ప్రాసెసర్, ఆ ప్రాసెసర్‌కి సరిపడే బోర్డు, రబ్బరు దిమ్మల మీద కూర్చునే హార్డ్‌డిస్క్, ఇలా మా కంప్యూటర్ ఫ్యానుతో మొదలై వెనక్కి తయారైంది.

బిగించే రోజు అమ్మ శుభమా అని పట్టుచీర కట్టుకుంది. బయట పొడిగా, చలిగా ఉంది. కార్పెట్ మీద రెండడుగులు వేసి తలుపు గొళ్ళెం ముట్టుకుంటే టప్పుమని నిప్పురవ్వ లేచింది. సాయానికి వచ్చిన శ్రీనివాస్ అంకుల్ బోర్డుకి అడ్డంగా చేతులు చాపాడు.

"వదినా, నీకు దండం పెడ్త, ఆ చీరతోని దీన్ని ముట్టకు! కరెంటు కొట్టి సచ్చిపోతది."

అమ్మ గొణుక్కుంటూ నూలు చీర కట్టుకొచ్చింది. ఏ ముక్క తీయాలన్నా ముందు, ఒంట్లో చేరిన కరెంటు దిగిపోవడానికి, అందరం వరసలో వెళ్ళి వంటింటి స్టీలు సింకు ముట్టుకుని వచ్చేవాళ్ళం, దేవుడికి దండం పెట్టుకున్నట్టు. నేను స్క్రూలు బిగించాను, సింధు టార్చి పట్టుకుంది, నాన్న బోర్డుతో వచ్చిన పుస్తకం చదివి వినిపించాడు. స్మోక్ అలారం భయానికి హారతి బాల్కనీలో ఇచ్చి, నాన్న మీట నొక్కాడు. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాడు. నిశ్శబ్దం. "చచ్చింది" అని కుర్చీలో కూలబడ్డాడు. అమ్మ వెళ్ళి కేబినెట్‌కి చెవి ఆనించింది.

"ఏవండీ, అది బంగారంలా పాడుతోంది. మీరు రెండోసారి నొక్కినా ఆగలేదు. ముందు ఆ టీవీలాంటిదాని స్విచ్చి వేయండి."

వేశాడు. వెలిగింది.

సింధు వాళ్ళు వెళ్ళిపోయాక మొదటి శనివారం కంప్యూటర్లో పాఠం మొదలైంది, మా మధ్యాహ్నం వాళ్ళకి పొద్దున. గొంతు అద్దంలా వచ్చింది, గమకం గమకంలా వచ్చింది, అమ్మ మొహం విప్పారింది. అయితే ఇద్దరూ కలిసి తాళం వేస్తూ వర్ణం ఎత్తుకోగానే అంతా చెదిరిపోయింది. అమ్మ దెబ్బ పడ్డాక ఎంతసేపటికో సింధు దెబ్బ పడేది. "తాళం తప్పుతున్నావు" అని అమ్మ కసిరేది. ఆ పిల్ల కంగారుగా ముందుకి పరిగెత్తేది, ఇంకా చెడేది. రెండో శనివారం అటు నుంచి వెక్కిళ్ళు వినిపించాయి.

"నేను వేస్తున్నా ఆంటీ, ఐ స్వేర్, మీతోనే వేస్తున్నా!"

"నాకు వినిపిస్తోందిగా సింధూ, ఎందుకమ్మా అబద్ధం?"

అప్పుడే ఫోన్ మోగింది. ఎత్తితే శ్రీనివాస్ అంకుల్. "మీ మమ్మీకి చెప్పు బిడ్డా, పిల్ల మంచిగనే వేస్తున్నది, నేను ముంగటనే కూసున్న." ఆయన వెనక సింధు తొడ మీద వేస్తున్న దెబ్బ ఫోన్లో నాకు వినిపించింది. ఆ తర్వాత అదే దెబ్బ మా కంప్యూటర్లోంచి వినిపించింది. ఇంకొకటి, మళ్ళీ అంతే. ఒకే దెబ్బ ముందు ఫోన్లో, తర్వాత కంప్యూటర్లో. నేను రిసీవర్ తీసుకెళ్ళి అమ్మ చెవికి పెట్టాను.

అమ్మ కాసేపు విని, కళ్ళు మూసుకుంది. పాపం పిల్లని తిట్టాను అంది. నాన్న అప్పటికే మెమరీ పెంచుదాం, ప్రాసెసర్ మారుద్దాం అంటున్నాడు. ఆలస్యం ఇంటర్నెట్ దారిలో ఉందని, ఇంట్లో ఏది మార్చినా లాభం లేదని నెమ్మదిగా మా అందరికీ తెలిసింది. అన్ని ముక్కలూ విని విని ఎంచుకున్నాం, మధ్యలో ఉన్న దేశాన్ని మాత్రం ఎంచుకోలేదు, దాన్ని మార్చి ఇచ్చే షాపు లేదు. ఇక అమ్మ శ్రుతిపెట్టె ఆపేస్తుందనుకున్నాను. ఆపలేదు. మైకు దగ్గరికి జరిగింది.

"సింధూ, ఇక నేను తాళం వేయను. ఒక వరస పాడి ఆగుతాను. అది నీ దగ్గరికి రానీ, తొందరలేదు. అప్పుడు తాళం నువ్వే వేసుకుని పాడు. నేను చేతులు కట్టుకుని వింటాను."

"తప్పితే, ఆంటీ?"

"తప్పితే ముందు నీకే తెలుస్తుంది."

అమ్మ పాడి, ఆగింది. ఆ ఖాళీలో కింద పార్కింగ్ లాట్‌లో ఎవరో కారు స్టార్ట్ చేసిన చప్పుడు, పొయ్యి మీద పప్పు ఉడుకుతున్న చప్పుడు. ఆ తర్వాత బాతెల్ నుంచి ఒక దెబ్బ పడింది, కంగారు లేకుండా, తనదైన దెబ్బ, దాని మీద వరస వచ్చి కూర్చుంది. మంచు కరిగేలోగా సింధు వర్ణం పూర్తిచేసింది. ఆ వేసవికి టెక్సస్ నుంచి మా వికెట్ కీపర్ చెల్లెలు మళ్ళీ చేరింది, ఆ తర్వాత ఇంకా చాలామంది. వాళ్ళ నాన్నలకి ప్రాజెక్టులు అవుతూనే ఉన్నాయి, కానీ పాఠం ఆగలేదు.

ఇప్పుడా కంప్యూటర్ లేదు. రీసైక్లింగ్ వాళ్ళకి ఇచ్చే ముందు ఫ్యాను మాత్రం అమ్మ ఊడదీయించి ఉంచుకుంది. విడిభాగాల షాపు ఉన్నచోట మందుల షాపు ఉంది. ఫోన్ నిలబెట్టి పాఠం చెబుతోంది అమ్మ, మునుపటి ఆలస్యం ఎప్పుడో కరిగిపోయింది. పోయిన వేసవిలో బాతెల్ వెళ్ళి సింధు క్లాసు చూశాను. పిల్లలు తనకి ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో కూర్చున్నారు. సింధు ఒక వరస పాడింది, చేతులు ఒళ్ళో కట్టుకుంది, ఒక గుక్క పట్టేంతసేపు ఆగింది. ఒక పాప ఊపిరి తీసుకుని, తన తాళం తను వేసుకుని, అందుకుంది.

నా పక్కన కూర్చున్న ఒక తల్లి గొంతు తగ్గించి, "ఆ ఆగడం చూశారా? అది వాళ్ళ గురువుగారి బాణీ అటండీ. ఇంకెక్కడా లేదట" అంది.

"తంజావూరు రాజుల కాలం నుంచి వస్తోందండీ" అన్నాను.

ఆవిడ భక్తిగా తలూపింది. ఎదురుగా పాప, ఎవరి చేతి వైపూ చూడకుండా, వర్ణం రెండో సగంలోకి వెళ్ళిపోయింది.