బ్రిజ్‌ఘాట్‌లో మా వదినగారు వేయించిన లంగరు

గంగలో మునగాలని మా వదినగారి కోరిక. ఆవిడ సీతామహాలక్ష్మి, మావారి అక్క. రాజోలు నుంచి ఢిల్లీ ద్వారకలోని మా ఫ్లాటుకు చుట్టపుచూపుగా వచ్చారు. కాశీ, హరిద్వార్ అంటే మావారికి సెలవు దొరకదు. గఢ్‌ముక్తేశ్వర్ దగ్గర బ్రిజ్‌ఘాట్‌లో గంగ ఉందనీ, పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చనీ, పడవెక్కితే డాల్ఫిన్లు కూడా కనిపిస్తాయనీ ఆఫీసులో ఎవరో చెప్పారట. పుణ్యం అక్కకి, డాల్ఫిన్ తమ్ముడికి అని ఇద్దరూ పంచేసుకున్నారు. నా వాటాకు పులిహోర కలపడం వచ్చింది.

దసరా దాటిన ఆదివారం పొద్దున్నే మెట్రో ఎక్కాం. ద్వారక నుంచి వెళ్లేవారు వైశాలి బండి చూసుకుని ఎక్కాలి. నోయిడా బండి ఎక్కితే యమునా బ్యాంక్‌లో దిగి మారాలి. మేం మారాం. ఆనంద్ విహార్‌లో మొరాదాబాద్ వెళ్లే రోడ్‌వేస్ బస్సు దొరికింది. వదినగారి పక్కన కూర్చున్న పెద్దాయన, "కహాఁ సే ఆయీ హైఁ, మాతాజీ?" అని అడిగాడు.

"రాజోల్ సే. గోదావరి హై నా, ఉధర్."

"అచ్ఛా, మద్రాస్!" అన్నాడాయన సంతోషంగా.

మద్రాసు కాదని చెప్పడానికి వదినగారికి హాపుడ్ దాకా పట్టింది. ఆవిడ లంక గ్రామాల బడులకు ఏళ్ల తరబడి రోజూ పడవ మీద వెళ్లి పాఠాలు చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. అంత తేలిగ్గా వదలరు. హాపుడ్‌లో టీ తాగాక ఆయన "ఠీక్ హై, ఆంధ్రా" అని ఒప్పుకుని, అప్పడాల పొట్లంతో దిగిపోయాడు.

పది గంటలకు బ్రిజ్‌ఘాట్ చేరాం. వదినగారు మూడు మునకలు వేసి, పసుపు రవికగుడ్డ ఒకటి గంగమ్మకు సమర్పించారు. మెట్ల మీద పులిహోర తిన్నాక మావారు పడవ మాట్లాడారు. చిన్న డీజిల్ ఇంజనున్న చెక్క పడవ. నడిపేవాడి పేరు రామ్‌పాల్. మాతోపాటు ఘాజియాబాద్ నుంచి వచ్చిన కొత్త జంట, రోహిత్, నిషా ఎక్కారు.

లైఫ్ జాకెట్లు పడవ వెనక దిండ్లలా పేర్చి ఉన్నాయి. రామ్‌పాల్ వాటికి ఆనుకుని కూర్చున్నాడు. వదినగారు వాటిని లాగి తను ఒకటి తొడుక్కుని, నాకొకటి, ఆ పిల్లలకు చెరొకటి తొడిగించారు. మావారికి మాత్రం పొట్ట మీద బకిల్ అందలేదు.

"నాకెందుకక్కా, గోదావరి ఈదినవాణ్ణి" అని దాన్ని ఒళ్లో పెట్టుకున్నారు.

ఈ మాట పెళ్లైన దగ్గర్నుంచి వింటున్నాను.

రామ్‌పాల్ హ్యాండిల్ తిప్పగానే ఇంజను దడదడమంది. వానలు వెళ్లి ఎన్నాళ్లో కాలేదు, నది నిండుగా, మట్టిరంగులో ఉంది. వంతెనలు వెనక్కి వెళ్లిపోయాయి. ఎగువకు చాలా దూరం పోయాం, డాల్ఫిన్ జాడ లేదు. ఆ ఇంజను మోతకు అవి ఎక్కడో దిగువనున్న నరోరాలో కూడా పైకి తేలవని నాకనిపించింది. వెనక్కి తిరిగి మళ్లీ వంతెనలు దగ్గర పడుతుండగా ఇంజను రెండుసార్లు దగ్గి, గట్టిగా వణికి ఆగిపోయింది.

"మషీన్ గరమ్ హో గయా" అన్నాడు రామ్‌పాల్.

"డీజిల్ అయిపోయింది" అన్నారు మావారు. పదవీవిరమణకు దగ్గరపడిన ప్రభుత్వాధికారి కదా, ముందు తీర్పు చెప్పేస్తారు.

పడవ మెల్లగా అడ్డం తిరిగింది. ప్రవాహం మమ్మల్ని పక్కవాటుగా వంతెన స్తంభాల వైపు మోసుకుపోతోంది. స్తంభాలకు కొట్టుకుని నీళ్లు సుడి తిరగడం కనిపిస్తోంది. ఏమైందో చూద్దామని మావారు, రోహిత్, నిషా ఒక్కసారే లేచి వెనక్కి నడిచారు. పడవ ఆ పక్కకు ఒరిగి, చల్లటి నీళ్లు నా ఒళ్లో పడ్డాయి.

"కూర్చోండి!"

వదినగారి గొంతు తెలుగులోనే వచ్చింది. అయినా రోహిత్, నిషా టక్కున కూర్చున్నారు. రామ్‌పాల్ కూడా కూర్చున్నాడు.

"లంగరు! లంగరు వెయ్యమనరా చిన్నోడా!"

నిషా భర్త చెవిలో అంది: "ఆంటీజీ కో భూఖ్ లగీ హై. లంగర్ మాఁగ్ రహీ హైఁ."

రోహిత్ గౌరవంగా చేతులు జోడించి, "ఆంటీజీ, గురుద్వారా ఘాట్ కే ఉస్ తరఫ్ హై. పహుంచ్‌కే ఖిలా దేంగే" అని అభయమిచ్చాడు. గురుద్వారాలో పెట్టే ఉచిత భోజనాన్నీ లంగర్ అనే అంటారు; ఆవిడకు ఆకలేసిందని వాళ్లు అనుకున్నారు.

అదృష్టవశాత్తూ రామ్‌పాల్‌కు పడవ లంగరే అర్థమైంది. ఇనప కొక్కెం రోహిత్ కూర్చున్న చెక్క కిందే ఉంది. మావారు దాన్ని రెండు చేతులా ఎత్తి తలపైకి లేపారు.

"ఆగు! తాడు రెండో కొస దేనికి కట్టారు?" అని అరిచారు వదినగారు.

అందరం చూశాం. తాడు రెండో కొస పడవ అడుగున, మావారి చెప్పుల మధ్య స్వేచ్ఛగా పడి ఉంది. రామ్‌పాల్ నాలిక కరుచుకుని, దాన్ని ముందువైపు కొయ్యకు బిగించాడు. "ఆ చుట్టలోంచి కాలు తియ్యరా. విసరకు, మెల్లగా దింపు" అన్నారు వదినగారు. మావారు దింపారు. తాడు జరజరా పోయింది. కొంతసేపు లంగరు అడుగున ఈడ్చుకుపోతుంటే స్తంభం మీద ఎవరో రంగుతో రాసిన ట్యూషన్ ప్రకటన చదవగలిగాను. అప్పుడు పడవ ఒక్క కుదుపు కుదిపి, ముక్కు ప్రవాహానికి ఎదురుగా తిప్పి నిలబడింది.

మావారు జాకెట్ తొడుక్కుంటున్నారు.

"అక్కా, ఈ బకిల్ అందట్లేదే!"

"పట్టీ వదులు చెయ్యొచ్చురా" అంటూ ఆవిడే చేసి బిగించారు.

"మీరు గోదావరి ఈదారు కదండీ?" అన్నాను.

"ఎవరూ, వీడా?" అన్నారు వదినగారు. "పంటు మీద దాటాడు. అంత పెద్ద పడవ మీద కూడా నా కొంగు పట్టుకుని."

మావారు ఎగువ వైపు డాల్ఫిన్ల కోసం వెతకడం మొదలుపెట్టారు. నాకు నవ్వాగలేదు. భయం వల్లే అంత నవ్వొచ్చిందని ఇప్పుడు తెలుస్తోంది.

రామ్‌పాల్ ఘాట్‌లో ఉన్న అన్నకు ఫోన్ చేశాడు. మేమెక్కడున్నామో తెలియడానికి నిషా నారింజరంగు దుపట్టాను రెండు చేతులా ఊపింది. ఇంజను పొరపాటున తిరగకుండా రామ్‌పాల్ హ్యాండిల్ ఊడదీసి వదినగారి ఒళ్లో పెట్టి, వెనక నీళ్లలోకి చెయ్యిపెట్టి పడవను తోసే పంఖా రెక్కలు తడిమాడు. కత్తితో కోస్తూ పొడుగాటి గుడ్డ ఒకటి లాగాడు. అందరి కళ్లూ వదినగారి మీద పడ్డాయి.

"నాది పసుపు. అది ఎరుపు. ఎవరిదో" అన్నారావిడ, నిండు సభలో నిర్దోషిగా తేలినట్టు.

పంఖా వంగిపోవడంతో ఇంజను మళ్లీ వెయ్యలేదు. అన్న పడవ కోసం చూస్తూ కూర్చున్నాం. మోత లేకపోయేసరికి పడవ కింద నీళ్లు గలగలమనడం వినిపించింది. అప్పుడే పక్కన ఎవరో ఊపిరి వదిలినట్టు ఉస్సుమంది. బూడిదరంగు వీపు ఒకటి, పొడుగాటి మూతి, ఒక్క క్షణం కనిపించి మునిగిపోయింది. నిషా చేతుల్లో దుపట్టా ఉంది, ఫోను లేదు. ఎవరమూ ఫొటో తియ్యలేదు. మావారు చిన్నపిల్లాడిలా అక్క భుజం గట్టిగా పట్టుకున్నారు.

అన్న పడవ వచ్చి, తాడు వేసి నెమ్మదిగా లాక్కుపోయింది. ఒడ్డున రోహిత్ మాట తప్పకుండా కచోడీలు తినిపించాడు.

మధ్యాహ్నం మూడింటికి ఢిల్లీ బస్సు దొరికింది. బ్రిజ్‌ఘాట్‌కు తప్పక వెళ్లండి. ఎక్కేముందు జాకెట్ పట్టీ, లంగరు తాడు కొస చూసుకోండి. ఇంజను ఆగితే లేవకండి. నది మనల్ని భయపెట్టినంతసేపు దాన్ని నిజంగా చూస్తాం. మిగతా సమయమంతా పులిహోర, ఫొటోలే.

ఆనంద్ విహార్‌లో మెట్రో ఎక్కాక వదినగారు కళ్లు మూసుకున్నారు. మావారు ఫోనులో ఏదో గుట్టుగా వెతుకుతున్నారు. తొంగి చూశాను. ద్వారకలో పెద్దవాళ్లకు ఈత నేర్పే చోట్లు.

"నా పేరు కూడా రాయించరా" అన్నారు వదినగారు కళ్లు తెరవకుండానే.

మావారు ఉలిక్కిపడ్డారు. "నీకెందుకే? అన్నేళ్లు పడవల మీద తిరిగావు!"

"తిరిగాను. ఈత వచ్చని ఎప్పుడు చెప్పాను? రాదు కాబట్టే రోజూ లంగరు తాడు చూసుకుని ఎక్కేదాన్ని."