విమానం తోలే చదువు

మా ఊళ్ళో దేన్ని గురించి చదివినవాడైనా చివరికి దాన్ని తోలాల్సిందే. ట్రాక్టరు పని నేర్చినవాడు ట్రాక్టరు తోలతాడు, లారీ పని నేర్చినవాడు లారీ తోలతాడు. అందుకని హైదరాబాదు శివార్లలోని ఒక కాలేజీలో నాకు ఏరోనాటికల్ ఇంజనీరింగు సీటు వచ్చిన రోజే మా నాయనమ్మ వీధంతా చాటింది, "మావాడు విమానం తోలే చదువుకి పోతన్నాడు" అని. మా బాబాయి ఊరుకుంటాడా? "గాలికి తిరిగేవాడికి గాలి చదువే వచ్చిందిలే" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను గానీ లోపల మండింది. ఆ మంటలోనే కాబోలు, నాయనమ్మ మాటని దిద్దలేదు.

దిద్దడానికి ఎంతసేపు పడుతుంది? "నేను తోలను నాయనమ్మా, అది ఎగరడానికి కావాల్సిన లెక్కలు నేర్చుకుంటాను" అంటే అయిపోయేది. కానీ సెలవులకి వచ్చి బస్సు దిగగానే టీ కొట్టు దగ్గర "ఏరా పైలట్టూ, ఎప్పుడొచ్చావు?" అనేవాళ్ళు. బెంచీ మీద జరిగి చోటిచ్చేవాళ్ళు. మా నాన్న ఈడు వాళ్ళు కూడా జరిగేవాళ్ళు. ఆ చోటు నాకు బాగా నచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

కాలేజీలో నా వైభవం వేరు. మొదట్లో మెకానికల్ వాళ్ళతో కలిసి వర్క్‌షాపులో ఇనుప ముక్కని ఆకురాయితో అరగదీయడమే సరిపోయింది. విమానం అనదగింది ల్యాబు మూలన పెట్టిన ఒక పాత ఇంజను మాత్రమే. విండ్ టన్నెల్ అని గొప్ప పేరు పెట్టుకున్నది చూస్తే, పొడుగాటి చెక్కపెట్టెకి ఫ్యాను బిగించినట్టుండేది. అందులో జానెడు రెక్కని నిలబెట్టి, దాని మీద దారప్పోగులు అంటించి, గాలి వదిలేవాళ్ళం. రెక్క ముందు అంచుని కొంచెం ఎత్తితే దారాలు బుద్ధిగా వెనక్కి పడుకునేవి. మరీ ఎత్తితే చెదిరి గింగిరాలు తిరిగేవి. అంటే ఆ రెక్క ఇక విమానాన్ని మొయ్యలేదని అర్థం. ఆ సబ్జెక్టు నేను రెండోసారి రాసి గట్టెక్కాను. ఆ సంగతి టీ కొట్టు దాకా రానివ్వలేదు.

మొదటి ఏడాది మిరపకాయల రోజుల్లో ఇంటికి వెళ్ళాను. నాయనమ్మ కంచంలో పప్పు, మజ్జిగ తప్ప ఎర్రటిది ఏదీ కనపడలేదు. ఆవిడకి వేడన్నంలో పండుమిరపకాయ పచ్చడి పడకపోతే ముద్ద దిగదు. ఏటా పండుకాయలు తనే ఏరి, తనే రోట్లో తొక్కి జాడీకి ఎత్తేది. ఇంకొకరి చేతి పచ్చడికి వంకలు పెట్టేది.

"మీ నాయనమ్మ పచ్చడి మానేసిందిరా" అంది అమ్మ. "నీ విమానం సంగతి తేలిందాకా ముట్టనని పెదకాకాని శివయ్యకి మొక్కుకుంది."

నేను విమానం తోలడం చూసిందాకా తినదని అర్థం చేసుకున్నాను. ఈ జన్మకి జరగని పని అది. నిజం చెప్పేద్దామని మిరపకాయలు ఆరబోసిన కల్లంలోకి పోయాను. ఆవిడ రంగు తప్పిన తాలుకాయలు ఏరి పక్కన పడేస్తోంది. నేను నోరు తెరిచేలోపే అడిగింది, "ఒరేయ్, పైన గాలి గట్టిగా తగిలితే ఆపుకోటానికి ఉంటదా?" అని. ఇంకేముంది, నాలో పంతులు లేచాడు. మిరపకాయని రెక్కలా పట్టుకుని, గాలి ఎటు పోతుందో, రెక్క ఎందుకు లేస్తుందో పాఠం చెప్పాను. ఆవిడ కళ్ళార్పకుండా వింది. మనవడి తెలివికి మురిసిపోతోందనుకున్నాను. చెప్పాల్సిన ముక్క మాత్రం చెప్పకుండానే లేచి వచ్చాను.

టీవీలో ఎక్కడో విమానం కూలిన వార్త వస్తే ఆవిడ లేచి వసారాలోకి పోయేది. వార్తలంటే విసుగు కాబోలు అనుకున్నాను. చదివినవాడి తెలివి అలా ఏడిచింది.

చివరి ఏడాది ప్రాజెక్టుకి మా బ్యాచ్ వాళ్ళం తేలికపాటి చెక్కతో ఒక చిన్న విమానం చేశాం. రెక్కల పొడవు ఒక బారెడు. పరీక్షలయ్యాక దాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని ఊరికి తెచ్చాను. నాయనమ్మ దాన్ని చూసి, పెదకాకానిలో పూజ చేయించాల్సిందేనని పట్టుబట్టింది. కొత్త బండి ఏది కొన్నా మావాళ్ళు ముందు అక్కడికే తోలుకుపోతారు. "లారీకి చేసేవాళ్ళు విమానానికి చెయ్యరా?" అంది.

గుడి ముందు ఒక ట్రాక్టరు, రెండు ఆటోలు, వాటి వెనక నేను, నా చేతుల్లో విమానం. ఆటోవాళ్ళు పడీ పడీ నవ్వారు. పూజారి గారు మాత్రం "రానీయండమ్మా, దీనికీ చేద్దాం" అంటూ ముక్కుకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టారు. చక్రాల కింద పెట్టిన నిమ్మకాయలు చక్రాల కన్నా పెద్దవి.

హారతి అయ్యాక నాయనమ్మ దాని ముందు గొంతుక్కూర్చుని అటూ ఇటూ చూసింది.

"ఇందులో నువ్వెక్కడ కూర్చుంటావురా?"

ఇక దాచలేకపోయాను. "నేను కూర్చోను నాయనమ్మా. నేను తోలేవాణ్ణి కాదు. కింద ఆఫీసులో కూర్చుని లెక్కలు కట్టేవాణ్ణి. మొదట్నుంచీ నా చదువు అదే."

"పైకి ఎక్కే పనే లేదా?"

"లేదు."

తిడుతుందనుకున్నాను. ఆవిడ రెండు చేతులూ ఎత్తి గుడివైపు దణ్ణం పెట్టింది. "పడిపోవుగా! ఇక పడిపోవుగా!" అంది. చెంగుతో ముఖం తుడుచుకుని, "ఈ మాట మొదట్లోనే చెబితే నీ సొమ్మేం పోయిందిరా? అంతెత్తు నుంచి పడితే పట్టుకునేవాడు ఎవుడున్నాడని రోజూ చచ్చానురా" అంది.

మొక్కు నేను ఎగరాలని కాదు, పడకూడదని. టీ కొట్టు బెంచీ మీద చోటు కోసం నేను మింగిన ఒక్క మాట, ఆ ముసలి ప్రాణాన్ని నాలుగేళ్ళూ భయంలో ఉంచింది.

ఇంటికి రాగానే ఆవిడ కాళ్ళు కడుక్కుని పీట వేసుకుంది. "ఏదీ, జాడీ తియ్" అని అమ్మని కేకేసింది. వేడన్నంలో పచ్చడి కలిపి, మునుపటిలా పెద్ద ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. వెంటనే పొలమారింది. ముఖం కందిపోయింది. చెంబెడు నీళ్ళు తాగి, నెయ్యి పోయించుకుని మళ్ళీ ప్రయత్నించింది. ముద్ద దిగలేదు.

"నాలిక్కి అలవాటు తప్పిందే" అంది అమ్మతో, నవ్వుతూనే. మిగిలిన ఎర్రన్నం నా కంచంలోకి జరిపి, మజ్జిగ పోయమని చెయ్యి చాపింది.