పాలరాతి దొరసానికి కొత్త చెయ్యి

ఎల్లమ్మ గొంతెత్తి ఏడ్చిందంటే బళేపేట సందుల్లో ఎవరో పోయారని అందరికీ తెలిసిపోయేది. పోయినవాళ్ల మంచితనం ఒక్కొక్కటే ఎత్తుకుని రాగం తీస్తే, తగాదాలున్న దాయాదుల కళ్లు కూడా చెమర్చేవి. పనిలో మాత్రం ఆమెకు మాట తక్కువ. రుబ్బురోళ్లకు గంట్లు పెట్టే ఇంట పుట్టి, మొగుడు తిమ్మరాయప్ప దగ్గర అక్షరాలు చెక్కడం నేర్చింది. యాభై ఎనిమిదేళ్ల వయసులో ఇప్పుడు క్రైస్తవుల శ్మశానంలో సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కుతోంది. ఇంగ్లీషు చదవడం రాదు, చెక్కితే ఒక్క అక్షరం తప్పు పోదు.

ఒకరోజు శ్మశానం చూసుకునే ఐజాక్ ఆమెను పాత సమాధుల వైపు తీసుకెళ్లాడు. నూట యాభై ఏళ్లనాటి పాలరాతి దొరసాని బొమ్మ సమాధి పలక పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తల వాల్చి ఉంది. కుడి ముంజేయి లేదు. అది ఎలా ఉండేదో చూసినవాళ్లూ లేరు, ఫోటో అయినా లేదు.

“చెయ్యి చేసిపెడతావా ఎల్లమ్మా?”

“చేస్తా సారూ. ఈమె ఏం చేస్తా ఉండాది?”

“ఏడుస్తోంది.”

ఎల్లమ్మకు నవ్వొచ్చింది. “ఇదేం ఏడుపప్పా! నోరు తెరవలే, కొప్పు ఊడలే. కునుకు తీస్తా ఉన్నట్టుండాది.”

“ఆ కాలం దొరలు దుఃఖాన్ని ఇలాగే చెక్కించుకునేవారు. అదిగో, ఆ విరిగిన స్తంభం చూడు. నడివయసులో పోయిన మనిషికి గుర్తు.”

“అయ్యో, మేస్త్రీ సగం పని చేసి పారిపోయినాడని ఇన్నేళ్లూ తిట్టుకుంటా ఉంటిని!”

చేతిలో రుమాలు ఉండేదేమోనని ఐజాక్ అన్నాడు. మహదేవపుర ఆఫీసులో పనిచేసే ఎల్లమ్మ కూతురు రంజిత ఫోన్లో బొమ్మ చూసి, పువ్వు ఉండేదని తేల్చేసింది. ఎల్లమ్మ ఇద్దరి మాటా పట్టించుకోలేదు. నీళ్లు పోసి, మెత్తని బ్రష్షుతో పలక కడిగి, దాన్నంతా వేళ్లతో తడిమింది. చెక్కిన పేరు మీద నాలుగు చిన్న రాతి బొడిపెలు వరసగా తగిలాయి. విరిగిన చేతి వేళ్ల కొసలు అక్కడే అంటుకుని మిగిలిపోయాయి.

“సారూ, ఏం పేరు ఇది?”

“ఫ్యానీ. మూడేళ్ల పిల్ల.”

ఎల్లమ్మ ఆ బొడిపెల మీదే తన నాలుగు వేళ్లూ ఆనించింది. తిమ్మరాయప్ప పోయిన రోజు ఆమె గొంతు పెగల్లేదు. పాడె కట్టేదాకా అతని చేతి మీద చెయ్యి వేసుకుని అలాగే కూర్చుంది. “ఊరందరికీ ఏడ్సేదానికి సొంత మొగుడికి కన్నీళ్లు లేవా?” అని ఆడబిడ్డ అంజినమ్మ నలుగురిలో అనేసింది. ఆపైన రెండేళ్లుగా మాటల్లేవు. తనలోనే ఏదో లోపముందని ఎల్లమ్మ కూడా నమ్మింది.

“ఈమె కూడా అరవలే సారూ,” అంది మెల్లగా.

మర్నాడే ఉలి పట్టింది. కుడి చేతిలో సుత్తి ఉంటుంది కాబట్టి, ఉలి పక్కన పెట్టినప్పుడల్లా తన ఎడమ చెయ్యి చూసుకుంటూ చెక్కింది. తొమ్మిది రోజుల పని ముగిశాక చూస్తే బొటనవేలు అవతలి పక్కన ఉంది! ఐజాక్ నవ్వి నవ్వి గోరీ మీద కూర్చున్నాడు. రెండోసారి, ఆదివారం పూట రంజితను రాయి ముందు కూర్చోబెట్టి కుడి చెయ్యి కదలనివ్వలేదు.

“మా, తిమ్మిరెక్కింది!”

“కదలకుండా సుమ్మనుండు. ఆ దొరసాని నూట యాభై ఏళ్లు కూసున్నింది.”

లోపల స్టీలు కడ్డీ పెట్టి చెయ్యి అతికించాక, ఐజాక్ తల అటూ ఇటూ తిప్పి చూశాడు. “బాగుంది గానీ, దొరసాని వేళ్లు ఇంత లావా?”

“అన్నేళ్లు రాతి మీద పెట్టుకోనుంటే లావెక్కవా సారూ?”

ఆ వారమే ఎల్లమ్మ తనంతట తానే అంజినమ్మ ఇంటికెళ్లి, ఆమెను శ్మశానానికి పిలుచుకొచ్చింది. విగ్రహం ముందు నిలబెట్టింది.

“ఎవురే ఈమె?”

“ఎవురో తల్లి. బిడ్డ పోయినాది.”

అంజినమ్మ వంగి, పేరు మీద ఆనిన ఆ పాలరాతి చేతిని తడిమింది. “నువ్వూ ఆ పొద్దు మాయన్న పక్కన ఇట్లే కూసున్నావు,” అంది. “నేనే నోరు జారితిని వదినా.”

అంజినమ్మ ఎల్లమ్మ కొంగుకు అంటిన రాతిపొడి దులిపింది.

“రా, మా ఇంట్లో రాగిముద్ద, ఉప్పుసారు చేసి పెట్టినా. చల్లారిపోతాది.”

వదినా ఆడబిడ్డలిద్దరూ గేటు దాటి, బస్టాపు వైపు నడిచారు.